గారు లేని అల్లుడు

పిస్కాటవే,
ఫిబ్రవరి 3, 2025

భానక్కకు, రాగిణి వందనాలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి, దీనికేమైనా పిచ్చా అనుకుంటారు. పిచ్చి కాదక్కా, భయం. మన చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన ఒక్క మాటని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా తిప్పారు. ఫోన్‌లో చెప్పుకుందామంటే అవతలివాళ్లు స్పీకర్‌లో పెట్టి పక్కన కూర్చున్నవాళ్లకి వినిపిస్తున్నారు. కాగితమైతే మీరొక్కరే చదువుతారు. స్టాంపులు అడిగితే పోస్టాఫీసులో ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు.

మీ అన్నయ్యని, మన పాస్టరు కృపావరం అయ్యగారిని, సమాధి చేసి మూడు వారాలు కాలేదు. అప్పుడే సంఘం రెండుగా చీలి కూర్చుంది. సమాధి కార్యక్రమం అయిన మర్నాడే మీరు క్యారీకి వెళ్లిపోయారు, అదృష్టవంతులు. అసలేం జరిగిందో నా నోటి నుంచే వినండి.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆఖరి పాట నంబరు చూడమని శ్రీలేఖ నాకు వాళ్ల నాన్న కీర్తనల పుస్తకం ఇచ్చింది. అట్ట ఊడిపోయి దారంతో కట్టుకున్న పుస్తకం, మీకు తెలుసుగా. తెరిస్తే అందులోంచి చీటీ ఒకటి జారింది. అయ్యగారి చేతిరాతే. ఒకటే వాక్యం. తన తరువాత సంఘాన్ని అల్లుడికి అప్పజెబుతున్నట్టు. నేను సెక్రటరీని కదా, మినిట్స్ పుస్తకం ఎప్పుడూ నా బ్యాగులోనే ఉంటుంది. అక్కడే నిలబడి అందులోకి ఎక్కించాను. ఆయన పెట్టుకున్న చోటనే ఉండనీ అని చీటీని మళ్లీ అదే పేజీలో పెట్టేశాను. ఐదు నిమిషాల్లో శ్రీలేఖ వచ్చి, పుస్తకం తీసుకుని ఆయన చేతుల్లో పెట్టింది. మూత వేసేశారు. ఒక ఫోటో తీద్దామన్న బుద్ధి పుట్టలేదు చూడండి నాకు!

ఇంతకీ ఏ అల్లుడు? శ్రీలేఖ భర్త రాజీవ్ అల్లుడు. మీ కొడుకు మనోహర్ మేనల్లుడు. అయ్యగారికి ఇద్దరూ అల్లుళ్లే. ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లలకేమో అల్లుడంటే సన్-ఇన్-లా ఒక్కడే, ఇంకొకడు ఉంటాడనే తెలియదు. వాళ్లంతా రాజీవ్ వైపు, ఇంగ్లీషులో ప్రసంగిస్తాడు కాబట్టి. తెలుగులో ఏడిస్తే గానీ ప్రార్థన చేసినట్టు ఉండని మాలాంటి వాళ్లు చాలామంది మనోహర్ వైపు. ట్రస్టీలు పాస్టరుగా ఒక్కరినే పెట్టుకుంటామని తేల్చేశారు. మే 4న మీటింగు. నిన్న కాఫీల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు చేతిలో సమోసాలతోనే అరుచుకున్నారు.

మీరేమంటారో రాయండి. రాసే తీరాలి.

మీ రాగిణి

*

క్యారీ,
ఫిబ్రవరి 12

రాగిణికి దీవెనలు.

నీ ఉత్తరం మెయిల్‌బాక్స్‌లోంచి తెచ్చి, "అమ్మా, నీకెవరో ప్రేమలేఖ రాశారు" అంది మా మనీషా. నా కూతురి వేళాకోళం అలాగే ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు హెడ్ నర్సుగా చేశాను, ఎంత డాక్టరు రాతైనా ఇట్టే చదివేదాన్ని. నీ రాత మాత్రం వాళ్లని మించిపోయింది తల్లీ.

మీరంతా అరుచుకుంటున్నారు గానీ అసలు చూడాల్సింది ఒక్కరూ చూడలేదు. ఏ అల్లుడన్నది అల్లుడు అనే మాటలో దొరకదు. దాని తరవాత మాటలో ఉంటుంది. చూసుకుంటాడు అని రాశాడా, చూసుకుంటారు అని రాశాడా? డు అయితే మేనల్లుడు. రు అయితే ఇంటల్లుడు. కూతురి మొగుణ్ణి ఏకవచనంలో అనడం మా ఇంట్లో లేదు. మా నాన్నా అంతే, అన్నయ్యా అంతే. శ్రీలేఖ పెళ్లయి పన్నెండేళ్లు, ఇన్నేళ్లలో అన్నయ్య నోట రాజీవ్ పేరు గారు లేకుండా నేను వినలేదు. "రాజీవ్ గారు వచ్చారు, రాజీవ్ గారికి కాఫీ ఇచ్చారా" ఇదే వరస. మనోహర్ తన కింద పాస్టరై, తెల్ల చొక్కా వేసుకుని నిలబడినా అన్నయ్య మాత్రం, "ఒరే మనో, ఆ మైకు సరిగ్గా పెట్టరా" అనేవాడు.

మీ పిల్లలకి ఈ తేడా ఎక్కడ వినపడుతుంది? నా మనవరాలు సాన్వి "అమ్మమ్మ వచ్చాడు" అంటుంది నన్ను చూసి.

కాబట్టి ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు, అక్షరం మారకుండా రాసి పంపు.

ఇంకొక మాట. నేను పెద్దదాన్నని, నాకే ఆశా లేదని అనుకోకు. నాకు ఇది కావాలి. మనోహర్ వీసా ఆగస్టు దాకానే ఉంది. పొడిగించాలంటే చర్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే వాడూ, కోడలూ, వేదా మూటాముల్లే సర్దుకోవాలి. వేద ఏడో క్లాసు. దాని స్నేహితులందరూ అక్కడే ఉన్నారు. వాడు నోరు తెరిచి అడిగే రకం కాదు, నీకు తెలుసు. వాడి తరఫున నేను అడుగుతున్నాను.

డునా, రునా? వెంటనే రాయి.

భానుమతి

*

పిస్కాటవే,
మార్చి 9

భానుమతి గారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. మా ఫార్మా కంపెనీలో ఆడిట్ జరిగింది, రెండు వారాలు ఊపిరి సలపలేదు.

మీరడిగిన వాక్యం మినిట్స్ పుస్తకంలో ఇలా ఉంది: "నా తరువాత సంఘాన్ని అల్లుడు గారు చూసుకుంటారు." ఆ పేజీ జిరాక్స్ దీనితో పెడుతున్నాను.

ఇక్కడ ఇంకా చలిగానే ఉంది. మా అవని చర్చిలో కీబోర్డ్ వాయిస్తోంది. పోయిన ఏడాదంతా కన్నకూతురై ఉండి అది నాతో మాట్లాడనే లేదని మీకు చెప్పాను కదా, గది తలుపు వేసుకుని కూర్చునేది. రాజీవ్ పెట్టిన యూత్ క్లాసుకి వెళ్లడం మొదలుపెట్టాక మనిషిలో పడింది. ఆదివారం నాకంటే ముందు తయారై కారులో కూర్చుంటోంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

రాగిణి

*

క్యారీ,
మార్చి 18

రాగిణీ,

భానక్క ఎప్పటి నుంచి భానుమతి గారయిందే? సరే, ఆడిట్‌లో అలిసిపోయి ఉంటావు.

జిరాక్స్ చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. రు ఉంది. పైగా గారు కూడా ఉంది. ఇంక మాట్లాడటానికేముంది?

మనోహర్‌కి ఫోన్ చేసి నేనే చెప్పాను. పెద్దమనుషుల చేత చెప్పించుకోవడమెందుకని. "సరే అమ్మా" అన్నాడు. తరవాత, "వేద స్కూల్ పేపర్లు జూన్‌లో అడుగుతాలే, ఇప్పుడే దానికి తెలియనివ్వొద్దు" అన్నాడు. అంతే. ఒక్క నిష్ఠూరం లేదు. అలా ఉంటేనే నాకు ఒళ్లు మండుతుంది. కొంచెం అరవొచ్చు కదా! నా కొడుకు కదా వాడు, నా నోరు ఎందుకు రాలేదో.

నువ్వేమీ బాధపడకు. నీ చేతిలో పడింది కాబట్టి ఆ వాక్యం మిగిలింది. ఇంకొకరైతే తమకి కావలసినట్టు రాసుకునేవాళ్లు. నీ మీద నాకు ఆ నమ్మకం ఉంది.

భానక్క

*

పిస్కాటవే,
ఏప్రిల్ 22

భానక్కా,

ఈ ఉత్తరం మీరు కూర్చుని చదవండి. చదివాక నన్ను తిట్టండి. తిట్టకపోతే నేను తట్టుకోలేను.

చీటీలో గారు లేదు. రు లేదు. "నా తరువాత సంఘాన్ని అల్లుడు చూసుకుంటాడు." అదీ ఉన్నది. నా కళ్లతో చూశాను.

ఆ రోజు నేను కావాలని మార్చలేదక్కా, దేవుడే సాక్షి. మినిట్స్‌లో ఎవరి గురించి రాసినా గారు, రు పెట్టి రాయడం నాకు పదకొండేళ్ల అలవాటు. "ఖజాంచీ గారు లెక్కలు చదివారు, సంఘ పెద్ద గారు ప్రార్థించారు." చెయ్యి దానంతటదే రాసేసింది. సంఘాన్ని నడిపించబోయే మనిషిని వాడు వీడు అని పుస్తకంలో ఎలా రాస్తాననుకుంది. మర్యాద! నా మర్యాద తగలెయ్య!

మీ ఫిబ్రవరి ఉత్తరం చదివాకే నేనేం చేశానో తెలిసింది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే మా అవని. రాజీవ్‌ని కాదంటే ఆ పిల్లలంతా లేచిపోతారు, ఇది మళ్లీ తలుపు వేసుకుంటుంది. మళ్లీ ఆ తలుపు బయట నిలబడి పిలవడం నా వల్ల కాదు. అందుకని మీరు చీటీలో ఏముందని అడిగితే పుస్తకంలో ఏముందో రాశాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత తెలివో!

మీరు "నీ మీద నాకు ఆ నమ్మకం ఉంది" అని రాశారు. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నం వండుతూ స్టవ్ ఆపానో లేదోనని పది సార్లు చూసుకుంటున్నాను.

మనకి హాలు అద్దెకిచ్చే ఆర్మేనియన్ చర్చిలో ఆనూష్ గారని ఒక పెద్దావిడ ఉంది, తాళాలన్నీ ఆవిడ దగ్గరే. ఈస్టరుకి ముందురోజు పువ్వులు సర్దుతుంటే, మీ గొడవ ఏమైంది అని అడిగింది. చెప్పాను. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల దాంట్లోనూ పాత ఫాదర్ పోయాక ఎవరు రావాలని తగువొచ్చి, సగం మంది వెళ్లి మైలు దూరంలో ఇంకో చర్చి కట్టుకున్నారట. వాళ్ల అక్క ఆ చర్చి, ఈవిడ ఈ చర్చి. "మా నాన్నే అప్పుడు సెక్రటరీ. ఆయన దగ్గర పాత ఫాదర్ రాసిన ఒక కాగితం ఉండేది. చూపిస్తే ఇంకా పెద్ద గొడవవుతుందని చూపించలేదు. ఆయన పోయాక బీరువాలో దొరికింది. అప్పటికి మా అక్క కూడా పోయింది" అంది. అని, నాకు కాఫీ కలిపి ఇచ్చింది.

మే 4న మీటింగులో లేచి అంతా చెప్పేస్తాను. మీకు ముందు చెప్పాలని రాస్తున్నాను. మనోహర్‌ని వేద స్కూల్ పేపర్లు అడగొద్దని చెప్పండి.

మీ క్షమాపణ అడిగే మొహం కూడా లేదు.

రాగిణి

*

పిస్కాటవే,
మే 5

భానక్కా,

మీ దగ్గర నుంచి జవాబు రాలేదు. కోపమొచ్చి ఉంటుంది, రావాలి కూడా.

నిన్న చెప్పేశాను. గారు నేను చేర్చిందేనని, డుని రు చేసింది నేనేనని చెప్పి, మీరు నాకు రాసిన సంగతి కూడా చదివి వినిపించాను, రు అయితే ఇంటల్లుడు, డు అయితే మేనల్లుడు అని. పెద్దవాళ్లందరూ "అవును, అయ్యగారు రాజీవ్‌ని ఎప్పుడూ గారనే అనేవారు" అన్నారు. పిల్లలకేమో ఒక అక్షరం కోసం ఇంత ఏమిటో అర్థం కాలేదు. "ఆంటీ, సేమ్ వర్డే కదా?" అని ఒకడు. మా అవని నా వైపు చూడలేదు. ఇంటికొచ్చేదాకా కారులో ఒక్క మాట లేదు.

రాజీవ్ కాదనలేదు, అవుననలేదు. గడ్డం రుద్దుకుంటూ నేల చూస్తూ కూర్చున్నాడు. శ్రీలేఖ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నాకది బాగా గుర్తుండిపోయింది.

మే 18న మనోహర్‌ని ఖాయం చేస్తారు. మీ అబ్బాయి ఉంటాడక్కా. ఇప్పుడైనా నాకు రెండు ముక్కలు రాయండి.

రాగిణి

*

క్యారీ,
మే 10

రాగిణీ,

నాకు కోపం రాలేదు. నీ ఏప్రిల్ ఉత్తరం నాకు ఇరవయ్యారునే అందింది, మీటింగుకి ఎనిమిది రోజుల ముందు. ఫోన్ తీసి నీకు ఒక్క మాట చెప్పడానికి ఎనిమిది రోజులున్నాయి. చెప్పలేదు. ఆ ఎనిమిది రోజులూ మనీషాకి వంట చేసి పెట్టాను, సాన్వికి జడలు వేశాను, పార్కులో రెండు పూటలా నడిచాను. కూర్చోలేకపోయాను.

డిసెంబర్‌లో అన్నయ్య మంచం మీద ఉన్నప్పుడు రోజూ నాకు ఫోన్ చేసేవాడు, నీకు తెలుసు. అప్పుడు అన్నయ్య ఉంటున్నది రాజీవ్ వాళ్లింట్లోనేగా. ఒక రోజు గొంతు హుషారుగా ఉంది. "భానూ, రాజీవ్ గాడు ఇవాళ నాకు గడ్డం గీశాడే. ఒక్క గాటు పడలేదు. ఎంత మంచి చెయ్యో వాడిది" అన్నాడు.

నేను నవ్వాను. "అదేమిటన్నయ్యా, గారు ఏమైంది?" అన్నాను.

"గడ్డంతో పాటు పోయింది" అన్నాడు.

ఆ రోజు నుంచి పోయేదాకా రాజీవ్ వాడే. వాడు స్నానం చేయించాడు, వాడు దుప్పటి మార్చాడు, వాడు అన్నం తినిపించాడు. మంచాన పడ్డవాళ్లకి చేసే సేవ ఎలాంటిదో నాకు తెలియనిదా? అదే నా బతుకు. కడుపున పుట్టినవాళ్లే మొహం తిప్పుకోవడం ఎన్నోసార్లు చూశాను. అల్లుడు చేశాడు. అన్నయ్య గారు తీసేసి కొడుకుని చేసుకున్నాడు.

పన్నెండేళ్లలో గారు లేకుండా వినలేదని నీకు రాశాను చూడు, అది అబద్ధం. రాసేటప్పుడే అబద్ధమని తెలుసు. నువ్వు మర్యాదకి అక్షరం మార్చావు. నేను నా కొడుకు కోసం మాటే మింగేశాను. నువ్వు నా ముందు తల వంచుకుంటే ఎలాగే? ఆ చీటీలో డు ఎవరిదో నాకు తెలియదు. ఎప్పుడు రాశాడో తెలిస్తే తెలిసేది. నీకూ తెలియదు, నాకూ తెలియదు.

రాజీవ్‌కి మాత్రం తనని వాడు అన్న సంగతి తెలుసు. అయినా గడ్డం రుద్దుకుంటూ కూర్చున్నాడని రాశావు. అది చదివాక నాకు సిగ్గేసింది. డెబ్భై ఒక్క ఏళ్లొచ్చాయి, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

నిన్న మనోహర్‌కి ఫోన్‌లో అంతా చెప్పాను. "ఉన్నావా?" అన్నాను. "ఉన్నానమ్మా. అదంతా రాసి రాగిణక్కకి పంపు. నేనే చదువుతాను" అన్నాడు. వీసా సంగతి ఎత్తబోతే, "చదవకుండా ఆ ప్రసంగం బల్ల వెనక నిలబడలేను కదమ్మా" అన్నాడు.

కాబట్టి ఇది వాడి చేతిలో పెట్టు. నా కొడుకు బతుకు నా చేత్తోనే చెరిపేస్తున్నానేమో. రాత బాగా లేకపోతే వాడికి చదివి చెప్పు.

భానక్క

*

పిస్కాటవే,
మే 19

భానక్కా,

మనోహర్ చదివాడు. మొదటి పంక్తి నుంచి చివరి దాకా, మీ అబద్ధంతో సహా, ఒక్క మాట మింగకుండా. "గడ్డంతో పాటు పోయింది" దగ్గర శ్రీలేఖ ఏడ్చేసింది.

రాజీవ్ లేచాడు. "అదంతా నిజమే. గానీ ఆ చీటీ అక్టోబర్‌ది. అక్టోబర్‌ల నేనింకా గారునే ఉంటి. సో, అది మనోహరే" అన్నాడు. నీకెలా తెలుసని ఎవరో అడిగారు. "చీటీ మీద డేట్ ఉంటది కదా, రాగిణక్క చూసింది" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారక్కా. రాజీవ్ కూడా నా కళ్లలోకే చూస్తున్నాడు. ఏం అడుగుతున్నాడో నాకు అర్థమైంది. ఒక్కసారి తల ఊపితే చాలు. మీ అబ్బాయి ఉంటాడు, గొడవ ఆరిపోతుంది, చీటీ భూమిలో ఉంది, తవ్వి చూసేవాడు లేడు. మనోహర్ ఇంట్లో ముగ్గురికీ మేలు చేసే అబద్ధం. మీరు గుర్తొచ్చారు, వేద గుర్తొచ్చింది. నిజంగా ఊపబోయాను.

"తేదీ లేదు" అన్నాను.

కీబోర్డ్ దగ్గర నుంచి మా అవని మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. రాజీవ్ నవ్వేశాడు. "ఏందక్కా, ఒక్కసారి తల ఊపితే అయిపోతుండె" అన్నాడు.

ఇక కాగితం ఏమీ చెప్పదని తేలిపోయింది కాబట్టి, చేతులెత్తమన్నారు. జనవరిలోనే చేయాల్సిన పని! మనోహర్ పేరు చదవగానే మొదట లేచిన చెయ్యి రాజీవ్‌ది. అది చూసి పిల్లలు కొందరు ఎత్తారు, కొందరు ఎత్తలేదు. ఎక్కువ చేతులు మీవాడికే. రెండు కుటుంబాలు కాఫీకి కూడా ఆగకుండా వెళ్లిపోయాయి, ఇంక వస్తారో రారో. వాళ్ల కారు వెళ్లేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిల్లల క్లాసు రాజీవే చెప్తాడు. వీసా పేపర్ల మీద ట్రస్టీగా సంతకం కూడా రాజీవే పెట్టాడు, నా పెన్నుతో.

నేను రాజీనామా ఇచ్చాను. వద్దన్నారు గానీ ఇచ్చేశాను. వచ్చే నెల నుంచి పుస్తకం శ్రీలేఖ దగ్గర ఉంటుంది. అవని కారులో, "అమ్మా, దట్ వాజ్ హార్డ్, కదా?" అంది. అంతే అంది. నాకు చాలు.

నా చేత్తో రాసే చివరి పేజీ కదా అని బల్ల మీద పుస్తకం పెట్టుకుని, "మనోహర్ గారు అంగీకరించారు" అని రాశాను. అలవాటు ఎక్కడికి పోతుంది! వెనక నుంచి మీవాడు వంగి చూశాడు. "అక్కా, మామయ్య నన్నెప్పుడైనా గారు అన్నారా?" అన్నాడు.

కొట్టేశాను. దాని కింద, అందరి ముందూ, వాడు ఎలా అన్నాడో అలాగే రాశాను: "మనోహర్ సరే అన్నాడు."

రాగిణి